మూలబల్ల ముసుగు మనిషి

దీపాలు పెట్టే వేళకు ఎదుటి సత్రం ముందు నాలుగు గుర్రాలు ఆగాయి. కత్తి వీరుడు, విలుకత్తె, మంత్రగాడు, గొడ్డలి పట్టిన మరుగుజ్జు. నలుగురూ దిగి, ఇటువైపు తల కూడా తిప్పకుండా ఎదుటి గుమ్మంలోకి వెళ్ళారు.

ఇవతలి సత్రం యజమాని కిటికీ తెర వదిలేశాడు.

“చూశావా? మళ్ళీ వాడి దగ్గరికే!”

“చూశాను. మీ కడుపుమంట తెరల దగ్గర చూపించకండి. నిన్ననే మార్చాను,” అంది భార్య.

ఇక్కడ సూప్ ఎప్పుడూ పొగలు కక్కుతుంటుంది. దుప్పట్లు ఉతికినవి. అక్కడ పీటలు విరిగాయి, నేలమాళిగ నిండా ఎలుకలు. అయినా వీరులంతా అక్కడే దిగుతారు. ఎప్పుడైనా ఒకరిద్దరు ఇక్కడ తలుపు తీసినా, “పొరపాటున వచ్చాం” అని వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పోతారు.

కారణం అతను ఎప్పుడో కనిపెట్టాడు. అక్కడ మూలబల్ల దగ్గర ఒక ముసుగు మనిషి కూర్చుంటాడు. ఫలానా గుహలో నిధి ఉంది, ఫలానా కోటలో దెయ్యం ఉంది అని వీరులకు పనులు చెప్పేది ఆయనే. పని దొరికిన చోటే వాళ్ళు తింటారు.

“వాడికి ముసుగు మనిషి ఉన్నప్పుడు మనకెందుకు ఉండకూడదు?”

మర్నాడే మంచి కుర్చీల కాళ్ళు విరిచాడు. నేలమాళిగలో ఎలుకల్ని వదిలాడు. వారం తిరక్కుండా అవి కూడా ఎదుటి సత్రానికే వెళ్ళిపోయాయి. ఆ రోజు అతను అన్నం ముట్టలేదు. చివరికి బావమరిదిని పిలిపించి మూలన కూర్చోబెట్టాడు.

“బావా, నాలుగు దుప్పట్లు కలిపి కుట్టినా ఈ ముసుగు మోకాళ్ళ దాకా రావట్లేదు.”

“మీ అక్క పెట్టిందల్లా తింటే అంతే. నోరు మూసుకుని గంభీరంగా కూర్చో.”

“మరి ఆవలింత వస్తే?”

“పెరట్లోకి వెళ్ళు.”

సాయంత్రం తలుపు తెరుచుకుంది. అదే నలుగురు! ముందు కత్తి వీరుడు. అతని వెనక విలుకత్తె, మరుగుజ్జు. మరుగుజ్జు వెనక ఒదిగి మంత్రగాడు.

“రండి, రండి! మూలబల్ల ఒక్కటే ఖాళీ లేదు. ఏం తీసుకుంటారు?”

కత్తి వీరుడు ఒర మీద చెయ్యి వేశాడు. “మమ్మల్ని... ఎదుటి సత్రం ముసుగాయన పంపాడు.”

“ఆయనా? మా దగ్గరికా?”

“మీ దగ్గరికే.”

యజమాని ఇన్నేళ్ళూ ఎంత కుళ్ళుకున్నాడు! ఆ సత్రం తగలబడిపోవాలని ఎన్నిసార్లు అనుకున్నాడు!

“ఏమేవ్, విన్నావా? ఎదుటివాళ్ళు మనకు బేరం పంపించారే!”

ఆ సంబరంలో ఒక్కసారి ఊది గదిలోని దీపాలన్నీ వెలిగించి, రెక్కలు ముడుచుకుని, విరగకుండా మిగిలిన నాలుగు కుర్చీలనూ తోకతో వాళ్ళ ముందుకు జరిపాడు.