కోడలి శిక్షణ

హిమబిందుకు మామ లక్ష్మీనరసయ్య మీద ఇప్పుడు ఫిర్యాదేమీ లేదు: ఈమధ్య ఆయన ఆమె మాట వింటున్నాడు. పెళ్లయిన కొత్తలోనే ఆమె ఫార్మసీ సర్టిఫికెట్‌ను ఆత్మకూరులోని తన మందులంగడి గోడకూ, ఆమెను వంటింటికీ తగిలించిన మనిషి. మందుల సరఫరా, ప్రభుత్వ విధానాల మీద ఫార్మసిస్టులకిచ్చే శిక్షణకు ఆమె కర్నూలు పోయి వచ్చింది మొదలు, అన్నం తింటూ పాఠం చెప్పించుకుంటున్నాడు.

"ఇంగేం చెప్పినారు బిందూ?"

"గడువు తీరిన మందులు అంగట్లో ఉండగూడదు మామా. ఎవరన్నా ఫోన్ చేసి చెప్తే ఆఫీసర్లు వచ్చి చూస్తారు."

"ఎవరు చెప్పినారో మనకు తెలుస్తాదా?"

"తెలీదు. పేరు బయటపెట్టరు."

"శానా మంచి చదువు," అన్నాడాయన పప్పు కలుపుకుంటూ. వచ్చే నెల నుంచి అంగట్లో కూర్చోమని కూడా అన్నాడు. ఆమె ఆ పూటే రెండు నేతచీరలు ఇస్త్రీకి ఇచ్చింది.

చీరలు తిరిగి రాకముందే ఆఫీసర్లు వచ్చారు. లోపలి బీరువాలో గడువు తీరిన దగ్గుమందు సీసాలు దొరికాయి. అంగడికి సీలు పడింది. ఎదురుగా వేణుగోపాల్ అంగడిని కూడా వెతికారు గానీ అక్కడేమీ దొరకలేదు. వేణుగోపాల్ లక్ష్మీనరసయ్యకు సొంత తమ్ముడే. భాగాలు పంచుకున్నప్పటి నుంచి మాటల్లేవు.

"వానితో కలిసి నా అంగడి మూయిస్తివే," ఇంటికి రాగానే కోడలి మీద పడ్డాడాయన. "ఆ ఆఫీసర్లంతా నీకు తెలిసినోళ్లే గదా."

"నేను చేయలేదు మామా."

"నమ్మినందుకు బాగా చేసినావులే. ఇంగ ఆ అంగడి మెట్టెక్కొద్దు."

హిమబిందు భర్త రాఘవేంద్రప్రసాద్ వైపు చూసింది. అతను గోడ గడియారం వైపు చూశాడు.

"నాయన అడుగుతాండాడు గదా, ఉండేది ఉన్నట్టు చెప్పేయరాదా," అన్నాడు.

మామ అన్నవన్నీ ఒకెత్తు, ఈ మాట ఒకెత్తు. ఆమె ఫోన్ తీసి, శిక్షణలో పాఠాలు చెప్పిన ఆఫీసరు రామకృష్ణకు కలిపి, అందరికీ వినబడేలా పెట్టింది.

"సార్, మా అంగడి మీద ఫిర్యాదు చేసిందెవరు?"

"మీ అంగడి మీద ఎవరూ చేయలేదమ్మా. ఆ వీధిలోనే ఇంకో అంగడి మీద వచ్చింది. తనిఖీకి పోయినోళ్లు వీధంతా చూసుకుంటూ వచ్చినారు."

ఫోన్ పెట్టేసింది. రాఘవేంద్రప్రసాద్ తండ్రి వైపు తిరిగాడు. లక్ష్మీనరసయ్య కళ్లజోడు తీసి పంచె కొసతో తుడిచాడు. తుడిచిందే తుడిచాడు.

"తప్పు నాదేమ్మా, తమ్ముని అంగడి ఒక్కటే చూస్తారనుకుంటి."