తిట్టినకొద్దీ ఎరుపు

“ఇదేం లోయ! ఆ చివర నుంచి ఈ చివరిదాకా ఒకటే మట్టిరంగు. దేవుడికి రంగులు కలపడం రాదు,” అన్నాడు చిత్రకారుడు, ఎడారి అంచున కారులోంచి దిగకుండానే.

చిత్రకారుడన్న మాటలో చిత్రం ఆయనది, కారు భార్యది. మూడు రోజులుగా స్టీరింగు తిప్పుతున్న ఆవిడకి ఒళ్ళు మండింది.

“మీ మొహం! పైన ఇటుక, నడుమ పండుమిరప, అడుగున వంకాయ. అవి కళ్ళా, చొక్కా గుండీలా?”

“వంకాయా? ఊరికే వంకలు పెట్టకు. అది నలుపు.”

“నలుపు కాదు మహానుభావా, వంకాయ తొక్క! దానిమీద కాస్త నీలం!”

ఆయన ఒళ్ళో రంగుల పెట్టె తెరిచి గబగబా నీలం కలిపాడు. నిన్నా మొన్నా ఇదే తంతు. ఆయన వెక్కిరించడం, ఆవిడ తిట్టడం, బొమ్మ బ్రహ్మాండంగా రావడం.

ఇంతలో రంగుల పెట్టె ఆయన ఒళ్ళోంచి జారింది. ఆవిడ విసుక్కుంటూ ట్యూబులన్నీ ఏరి, చేతికొచ్చిన వరసలో సర్దింది.

ఆయన వేళ్ళతో లెక్కపెట్టి మూడోది తీశాడు. “ఇదిగో నీ పండుమిరప!” అంటూ పిండాడు.

పచ్చగా వచ్చింది. ఆయన కుంచె ముంచాడు.

ఆవిడ నోటిదాకా వచ్చిన తిట్టు ఆగిపోయింది. కిందటి నెల కళ్ళ డాక్టరు దగ్గర నుంచి వచ్చి “ఏమీ లేదటలే” అన్న మనిషి ఈయనే.

మెల్లగా కుంచె తుడిచి, ఎర్ర ట్యూబు ఆయన చేతిలో పెట్టింది. గొంతు సవరించుకుని ఇంకా గట్టిగా అందుకుంది.

“మట్టిరంగట, మట్టిరంగు! లోయ ఎడమ గోడ సంగతి చెప్తా, వినండి మొద్దు మనిషీ! పైనుంచి మొదలుపెడుతున్నా. తొందరేం లేదు, నెమ్మదిగా వెయ్యండి.”