ఒక్క శాలువ

"అక్కా, కొంప మునిగింది! కార్పొరేటర్, ఎమ్మెల్యే, ఎంపీ ముగ్గురూ ఒక్కసారే దిగిన్రు. శాలువేమో ఒక్కటే ఉంది. నిన్న ఇంకోటి కొంటనంటే నువ్వే వద్దంటివి!"

నాచారంలోని ఆ కాలనీ సంఘానికి ఉపేందర్ కార్యదర్శి. అధ్యక్షురాలు శ్యామలమ్మ తాపీగా మైకు సరిచేసుకుంటోంది.

"ముగ్గురినీ ముఖ్య అతిథి అని నేనే పిలిచిన."

"ఎందుకక్కా?"

"మురుగునీళ్లు పోయే మోరీ కోసం మూడేండ్లు తిరిగినం. కార్పొరేటర్ ఎమ్మెల్యేని అడగమన్నడు. ఆయన ఎంపీ కాడికి పొమ్మన్నడు. ఎంపీ మళ్ల కార్పొరేటర్ కాడికే పంపిండు. ఇయ్యాల ముగ్గురూ ఒక్కకాడ ఉన్నరు గదా!"

వేదిక మీద ముగ్గురూ ఒకరినొకరు చూసుకుని నవ్వలేక నవ్వారు. ఎదురుగా కాలనీ అంతా కూర్చుంది.

శ్యామలమ్మ మైకందుకుంది. "సార్లకు దండాలు. మోరీ కాయితాలు మీ ముందట పెట్టినం. శాలువ ఒక్కటే ఉంది. ముందు సంతకం పెట్టినోళ్లకు కప్పుతం."

చప్పట్లు మోగాయి. మూడు జేబుల్లోంచి మూడు కలాలు ఒకేసారి బయటికొచ్చాయి, ఒకేసారి కదిలాయి, ఒకేసారి ఆగాయి.

రెండో శాలువ ఎందుకు వద్దందో ఉపేందర్‌కు అప్పుడర్థమైంది. నవ్వాపుకుంటూ ఆమె చెవిలో అడిగాడు.

"ముగ్గురూ గెలిచిన్రు. ఇప్పుడెవరికి కప్పాలె?"

"పూలదండలేసి పంపు. శాలువ దాచు. మోరీ తవ్వే కూలోళ్లొస్తరు గదా, వాళ్ల మేస్త్రికి కప్పుదాం."