మాస్కు పరీక్ష

ఆ రోజు ఇంట్లో నానమ్మ, అమ్మ, అక్క, నేను ఉన్నాం. అక్క వైరస్‌లను పరీక్షించే ల్యాబులో పనిచేస్తుంది. మా వీధిలో పాకుతున్న జ్వరం ముందు రుచిని తినేస్తుందని, ముసలివాళ్లను ఒక పట్టాన వదలదని చెప్పింది.

రాత్రి కూరలో ఉప్పు రెండుసార్లు పడిందని అమ్మ మొదటి ముద్దకే చెయ్యి కడిగేసుకుంది. నేనూ నానమ్మా మాత్రం మారు వడ్డించుకున్నాం.

"అత్తయ్యా, మీకూ మీ మనవరాలికీ నాలుకలున్నాయా?" అని అమ్మ నవ్వింది.

తర్వాత అక్క కొత్త మాస్కు పెట్టుకుని, ల్యాబు నుంచి తెచ్చిన చేదు మందు సీసా నా చేతికిచ్చింది. మాస్కుకు సందుంటే ఆ చేదు నోటికి తగులుతుంది. నేను ఆమె ముఖం చుట్టూ ఆ మందు కొట్టాను. ఏమీ తగల్లేదంది.

"మందులో నీళ్లు కలిపారేమోనే," అంది నానమ్మ మంచం మీంచి.

"చూస్తూ ఉండు, నీ ముద్దుల మనవరాలి మొహం ఎన్ని వంకర్లు పోతుందో!" అంటూ అక్క సీసా లాక్కుని నా నోట్లోకి కొట్టింది.

నేను చప్పరించాను. "మామూలు నీళ్లేనక్కా."

అక్క నవ్వు ఆగింది. కిటికీ దగ్గరికి వెళ్లి, మాస్కు దించి, తన నాలుక మీద ఒక్క చుక్క వేసుకుంది. వెంటనే బయటికి ఉమ్మేసింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

నేను రోజూ నానమ్మ దుప్పట్లోనే పడుకుంటాను. అక్క నన్ను భుజం పట్టుకుని వెనక గదిలోకి నెట్టింది.

"దాన్నెందుకే తోస్తావ్? ఏదీ, నాకూ కొట్టు," అని నానమ్మ నోరు తెరిచింది.

సీసా బుస్సుమంది. నానమ్మ నెమ్మదిగా చప్పరించింది. ఆమె మొహం ముడుచుకుంటుందేమోనని నేను గుమ్మంలోంచి చూస్తూ నిలబడ్డాను.

అక్క వెనక్కి వచ్చి, నా వైపు చూడకుండా తలుపు మూసేసింది.