దవాఖానకు సున్నా

పది ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు రాయాలి. అదీ పరీక్ష. తప్పితే నల్లగొండ ఆఫీసులో నా కొలువు పర్మనెంటు కాదు. ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి కనుక ఆరు నెలలు డిక్షనరీ ముందేసుకుని కూర్చున్నాను. పదింటికీ తడుముకోకుండా రాశాను.

బెజవాడ నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన సూపర్నెంటు నా కాగితాన్ని ఎంగిలి విస్తరిలా రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు.

“రెంటుకు కిరాయా? ప్లేసుకు జాగానా? హాస్పిటలుకు దవాఖానా? ఛీ, ఇది తెలుగేనటయ్యా? నీకు ఇంగ్లీషు సంగతి తర్వాత, ముందు తెలుగు నేర్పాలి.”

ఎర్రసిరాతో అన్నీ కొట్టేసి, పక్కన తన మాటలు రాసి, కింద సున్నా చుట్టాడు. గుమస్తాలు నవ్వారు. నా నోరు నాకే కంపు కొట్టినట్టయింది.

ఇంటికొచ్చి కాగితం మూలకు విసిరేశాను. మా అమ్మ గుర్వమ్మ అప్పుడే గొర్లను దొడ్లోకి తోలి వచ్చింది. ఆమెకు అక్షరం ముక్క రాదు.

“ఏం తప్పు రాసినవు బిడ్డా?”

“దవాఖాన అనొద్దంట. ఆసుపత్రి అనాల్నంట.”

“మరి ఇంగ్లీసుల దాన్నేమంటరు?”

“హాస్పిటల్.”

అమ్మ రెండు మాటల్నీ వక్కతోపాటు మెల్లగా నమిలింది. “ఆస్పిటలు... ఆసుపత్రి...”

వాకిట్లోకి వెళ్లి తుపుక్కున ఉమ్మింది.

“ఇంగ్లీసు మాటకు మళ్ల ఇంగ్లీసు మాటనే రాసిండు గద. గాయనకు సున్నా ఎవలేసిండ్రు బిడ్డా?”