ప్రార్థన నూనె

పంజాగుట్టలో డాక్టరు గదికి వెళ్లే మెట్ల మీదే యేసుమణి తన అన్న విజయరత్నం చెయ్యి పట్టుకుంది. రేపటికి ఆయన మనవరాలు సెరీనా పోయి ఏడాది. ఆయన ఇంట్లో జ్ఞాపకార్థ ప్రార్థన.

"నన్ను సుత రానియ్యి అన్నా. ఎనకాల కూసోని పోత."

విజయరత్నం చెయ్యి విదిలించుకున్నాడు. "మీ ఇంట్ల పిల్లలకు అమ్మవారు పోసిందని తెలిసి సుత మా ఇంటికొచ్చినవ్. నా మనవరాలిని మింగినవ్. ఇంకేం మిగిలిందని వస్తవ్?"

చర్చికి పోయే ఇల్లయినా చికెన్‌పాక్స్‌కు వాళ్లింట్లోనూ అదే పేరు. ఏడేళ్ల సెరీనాకు అప్పుడు రక్త క్యాన్సర్‌కు మందులు నడుస్తున్నాయి. ఒళ్లంతా పొక్కులు లేచిన వారానికే పోయింది. పాపను చూడ్డానికి వచ్చిన రోజు తాను అన్నగారి అమీర్‌పేట ఇంటి గేటు దాటలేదని, బత్తాయిల సంచి గేటుకు తగిలించి వెళ్లిపోయానని యేసుమణి ఎంత మొత్తుకున్నా ఆయన చెవిన పెట్టలేదు. ఏడాదిగా తోడబుట్టినదాని ముఖం చూడలేదు.

సెరీనా పోవడానికి నెల ముందు విజయరత్నం నడుము చుట్టూ నీటి పొక్కులతో సర్పి లేచింది. పొక్కులు మానినా మంట మాత్రం ఇప్పటికీ వదలడం లేదు. గదిలో డాక్టరు మధులత చూసి, చిన్నప్పుడు అమ్మవారు పోసిందా అని అడిగింది. ఎనిమిదేళ్లప్పుడు పోసిందన్నాడు.

"ఆ వైరస్ అప్పుడు పోలేదండీ. అరవై ఏళ్లు మీ నరాల్లోనే నిద్రపోయింది. ఒళ్లు నీరసపడగానే సర్పిగా లేచింది."

"ఇంకొకరికి అంటుతదా అమ్మా?"

"సర్పిగా అంటదు. కానీ పచ్చి పొక్కుల్ని ముట్టుకుంటే, అమ్మవారు ఎప్పుడూ పోయనివాళ్లకు అమ్మవారు పోస్తుంది. రెండు మూడు వారాల్లో బయటపడుతుంది. అప్పుడు మీరేం రాసుకున్నారు?"

పాస్టరు గారిచ్చిన ప్రార్థన నూనె అని చెప్పబోయాడు. మాట పూర్తి చేయకుండానే మందుల చీటీ బల్ల మీదే వదిలేసి లేచాడు.

కిందికి వచ్చేసరికి యేసుమణి ఇంకా అక్కడే ఉంది. లోపలికి రానని, గేటు బయటే నిలబడి పోతానని మళ్లీ బతిమాలింది. ఆయన చెల్లెలి కాళ్ల దగ్గర మెట్టు మీద కూలబడి, ఆమె చీర చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"చిన్నపిల్లల ప్రార్థన దేవుడు జల్ది వింటడని, పాస్టరిచ్చిన నూనె నా పొక్కులకు రోజూ సెరీనా చేతులతోనే రాయించుకున్న మణీ."