శత్రువు వేలిముద్రలు

"వరసలో రండి. జర్మన్ల భార్యలు ఇటు, స్టాంపులవాళ్లు అటు," అన్నాడు పోస్టుమాస్టర్ ఓరిన్ టటిల్.

వరస అనేంత మంది లేరు. ఇటు ఒక్క మిసెస్ గెర్కె, అటు ఒక్క మిసెస్ స్పూనర్. అది 1918 జూన్. జర్మనీతో యుద్ధం ఎక్కడో ఫ్రాన్సులో జరుగుతున్నా, అమెరికాలో అయోవా రాష్ట్రంలోని ఆ చిన్న ఊరిని కాపాడే భారం ఓరిన్ నెత్తిన పడింది. శత్రుదేశపు ఆడవాళ్ల పేర్లు రాసుకుని, పది వేళ్ల ముద్రలూ తీసుకోమని పైనుంచి ఉత్తర్వు; జర్మన్‌ని పెళ్లాడితే ఇక్కడ పుట్టిన ఆడదైనా చట్టం ప్రకారం జర్మనే. ఆదివారం చర్చి టోపీ పెట్టుకుని, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని శత్రువు ఎదురుగా కూర్చుంది.

"ఇంట్లో జర్మన్ మాట్లాడతారా?"

"మా ఆయన మాట్లాడతాడు, ఆవు తన్నినప్పుడు."

"సైన్యంలో బంధువులున్నారా?"

"మా వాల్టర్."

"ఏ సైన్యం?"

"మీ సైన్యమే, పోస్టుమాస్టరు గారూ. గురువారం జంక్షన్ మీదుగా ఫ్రాన్సుకి పోతున్నాడు. రైలు పది నిమిషాలు ఆగుతుందట. నేను ఊరు దాటాలంటే మీ అనుమతి చీటీ కావాలిగా. లేకపోతే మీ మొహం చూడ్డానికి వస్తానా?"

ఆ పది నిమిషాల తర్వాత కొడుకును మళ్లీ చూస్తుందో లేదో ఆమెకు తెలియదు.

స్టాంపులకొచ్చిన మిసెస్ స్పూనర్ పక్కకు వంగి గుసగుసలాడింది. "మీరిచ్చిన పులిసిన క్యాబేజీ బావుండేదండీ. ఇంకో జాడీ ఉందా? జర్మన్ పేరు తీసేసి ఇప్పుడు దాన్ని స్వేచ్ఛా క్యాబేజీ అంటున్నాంలెండి, తినొచ్చు."

ఓరిన్ సిరా పలక ముందుకు తోశాడు. ఎడమ బొటనవేలు దగ్గర ఆగాడు. దాని మీద అడ్డంగా పాత మచ్చ ఉంది.

"ఇదెలా అయిందో రాయాలి."

"చిన్నప్పుడు ఓ వెధవ తలుపు సందులో నా వేలు నొక్కేశాడు. వాడి పేరు కూడా రాసుకుంటారా?"

"అక్కర్లేదు," అని ఓరిన్ దగ్గాడు.

పుట్టిన ఊరు అడగనే లేదు. గబగబా ఏదో గీకేశాడు. శత్రువు ఎక్కడ పుడితేనేం, శత్రువే.

"ఈ ఒక్క గడీ నిండితే చీటీ ఇచ్చేస్తాను. తల్లి పేరు?"

మిసెస్ గెర్కె తలెత్తింది. అతని మొహంలోకే చూస్తూ కూర్చుంది.

"చట్టం నేను రాయలేదు," అని గొణిగాడు ఓరిన్.

"చట్టం రాయక్కర్లేదు. పేరు రాయండి చాలు."

ఓరిన్ కలం సిరాలో ముంచి, మిసెస్ స్పూనర్‌కి కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ గడిలో తన కన్నతల్లి పేరు రాశాడు.